మీ ప్రశ్న, మా జవాబు: నడుము ఎమ్మారై నార్మలే, మరి కాళ్లెందుకు పడిపోయాయి?

పోయిన నెల ఒకాయన వెన్నుపాము వాపు గురించి అడిగితే నాలుగు లైన్లు రాసి ఊరుకున్నా. ఈ నెల మెసేజ్‌లన్నీ దాని మీదే, అంత పెద్ద జబ్బుకి అంత చిన్న జవాబా అని తిట్టినంత పని చేశారు. సరే, ఈసారి పేజీ మొత్తం దానికే.

ప్ర: డాక్టర్ గారూ నమస్తే. మా చెల్లికి 26 ఏళ్లు, డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. జలుబు జ్వరం వచ్చి తగ్గిన రెండు వారాలకి ఒకరోజు పొద్దున్నే అరికాళ్లు తిమ్మిరి అంది, సాయంత్రానికి మోకాళ్ల దాకా పాకింది, మర్నాడు అమ్మతో బొడ్డు దగ్గర లంగా బొందు గట్టిగా బిగించి కట్టినట్టుంది అందట, వేసుకున్నది నైటీ, బొందే లేదు. మా ఊర్లో గ్యాస్ అన్నారు. టౌన్లో డిస్కు అన్నారు, నడుము ఎమ్మారై తీసి అంతా నార్మల్, నరాల బలహీనత అని బెల్టు, బీకాంప్లెక్స్ ఇచ్చి పంపారు. ఆరో రోజుకి లేచి నిలబడలేకపోయింది, యూరిన్ ఆగిపోయింది. పెద్దాస్పత్రికి తీసుకెళ్తే మళ్లీ ఎమ్మారై తీసి ట్రాన్స్‌వర్స్ మైలైటిస్, అంటే వెన్నుపాము వాపు అన్నారు, ఐదు రోజులు స్టెరాయిడ్ ఎక్కించారు. నిన్నటి నుంచి కుడికాలి బొటనవేలు కొంచెం కదుపుతోంది. మొదటి స్కానింగ్ తప్పా? చెల్లి నడుస్తుందా? ఇంట్లో సంబంధాలు కూడా చూస్తున్నాం. – ఒక అన్నయ్య, కావలి

జ: ముందు ఆ బొటనవేలు మాట. చిన్నదిగా తీసిపారేయొద్దు తమ్ముడూ, కదలిక ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది, నేనైతే అలాంటి రోజున కేస్ షీట్లో పెద్ద అక్షరాలతో రాసుకుంటా.

స్కానింగ్ తప్పు కాదు, తీసిన చోటు తప్పు. చాలామంది వెన్నుపాము వెన్నెముక చివరిదాకా ఉంటుంది అనుకుంటారు. కాదు. చిటికెన వేలంత లావుండే ఆ తాడు పుర్రె అడుగున మొదలై మగవాళ్లలో సుమారు 45 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో ఓ రెండు మూడు తక్కువ, అంతే, నడుములో ఒకటో పూస రెండో పూస దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందకి నరాలు గుర్రం తోకలాగా వేలాడతాయి, డాక్టర్లు కూడా దాన్ని గుర్రం తోక అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. కాబట్టి నడుము ఎమ్మారైలో కనపడేది డిస్కులు, ఆ తోక, వెన్నుపాము చివరి కొస. మీ చెల్లికి బొందు బిగిసింది బొడ్డు దగ్గర. బొడ్డు చుట్టూ ఉన్న చర్మానికి వచ్చేది ఛాతీ భాగంలో 10వ నరం, అంటే దెబ్బ తగిలింది వీపు మధ్యలో ఎక్కడో, అక్కడి ఫోటో అసలు తియ్యనేలేదు. కాళ్లు పడిపోయాయి కదా అని కాళ్లకి దగ్గరగా ఉన్న నడుము చూశారు. ఇది ఒక్క మీ విషయంలోనే కాదు, రిపోర్టుల కట్ట పట్టుకుని మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇదే కథ మళ్లీ మళ్లీ చూస్తుంటా.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద మెషిన్ కూడా అక్కర్లేదు. పేషెంటుని పడుకోబెట్టి, కొత్త గుండుసూది ఒకటి తీసుకుని పాదం దగ్గర నుంచి పైకి మెల్లగా గుచ్చుకుంటూ, ఇక్కడ తెలుస్తోందా అమ్మా, ఇక్కడ, ఇక్కడ అని అడుగుతూ పోతే తొడ దాకా "ఏదో తాకినట్టుంది" అని అంటారు, బొడ్డు దాటగానే ఒక్కసారి "అబ్బా, గుచ్చుకుంది" అంటారు. అక్కడ బాల్‌పెన్నుతో ఒక గీత గీస్తాం. మర్నాడు ఆ గీత పైకి పోయిందా కిందకి దిగిందా అన్నది చూస్తే చాలు, జబ్బు ఎటు పోతోందో సగం తెలిసిపోతుంది. ఇలా ఒంటి మీద గీత గీయగలిగితే అది వెన్నుపాము సంగతే అని గట్టిగా అనుమానించాలి. జీబీ సిండ్రోమ్‌లో, అంటే వెన్నుపాము బయటి నరాలు దెబ్బతినే జబ్బులో కూడా కాళ్ల నుంచి పైకి పాకుతుంది కానీ అందులో ఇలాంటి గీత ఉండదు, మోకాలి మీద సుత్తితో కొడితే కాలు ఎగరదు, యూరిన్ మొదట్లో మామూలుగా బాగానే వస్తుంది.

ఇంకో ఆనవాలు టైము. నిమిషాల్లో, గంటా రెండు గంటల్లో కాళ్లు పూర్తిగా పోతే వెన్నుపాముకి రక్తం ఆగిందేమో చూడాలి. నెలల తరబడి మెల్లగా అయితే ఏదో నొక్కుతోందేమో చూడాలి. నాలుగు గంటల నుంచి 21 రోజుల లోపు ముదిరి పాకానపడితే వాపు, 2002లో డాక్టర్లంతా కూర్చుని రాసుకున్న లెక్క ఇది. అయితే టైము ఎంతైనా మొదటి పని మాత్రం ఒకటే, అదే రోజు ఎమ్మారై తీసి ఏదీ నొక్కట్లేదని తేల్చుకోవడం, ఎందుకంటే చీము గడ్డో, జారిన డిస్కో నొక్కుతుంటే దానికి ఆపరేషన్ కావాలి, స్టెరాయిడ్ పెట్టి కూర్చుంటే కుదరదు.

వాపు అంటే బయటికి కనపడే వాపు కాదు, చేత్తో తడిమితే తెలిసేదీ కాదు. జ్వరం తెచ్చిన క్రిమి మీద యుద్ధానికి బయల్దేరిన మన రక్షణ కణాలే దారి తప్పి సొంత వెన్నుపాము మీద, ముఖ్యంగా నరాల తీగల మీదుండే తొడుగు మీద పడతాయి. ట్రాన్స్‌వర్స్ అంటే అడ్డంగా అని. తాడుకి అడ్డంగా ఒకచోట వాస్తే, ఆ చోటు కిందున్న ఊళ్లన్నిటికీ కరెంటు పోయినట్టే, కాళ్లు, మూత్రం, మలం అన్నీ.

మీవాళ్లు ఇచ్చిన వైద్యం సరైనదే. రోజుకి ఒక గ్రాము మిథైల్ ప్రెడ్నిసొలోన్ సెలైన్లో కలిపి మూడు నుంచి ఐదు రోజులు, అదే మొదటి మెట్టు. స్టెరాయిడ్ అనగానే చుట్టాలు భయపెడతారు, ఈ ఐదు రోజుల్లో షుగర్ పెరగొచ్చు, నిద్ర పట్టకపోవచ్చు, కడుపులో మంట రావొచ్చు, అంతవరకూ చూసుకోవాలి, కానీ ఆ భయంతో మందు ఆపితే పోయేది కాళ్లు. దాంతో పెద్దగా కదలిక రాకపోతే ఆలస్యం చెయ్యకుండా ప్లాస్మా మార్పిడి అడగండి. డయాలసిస్ లాంటి మెషినే, రక్తం బయటికి తీసి అందులో ప్లాస్మా, అంటే రక్తంలోని పసుపు నీరు పక్కన పెట్టి బదులు ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ద్రవంతో కలిపి వెనక్కి పంపుతారు, రోజు విడిచి రోజు ఐదు నుంచి ఏడు సార్లు. ఖర్చు ఉంది. ఆరోగ్యశ్రీలో (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) వస్తుందా రాదా అన్నది ఆస్పత్రిలో ఆ పథకం హెల్ప్‌డెస్క్‌లో ఆ రోజే అడగండి, డిశ్చార్జ్ రోజు కాదు.

నడుస్తుందా అన్న దానికి నిజం చెప్పాలంటే, ఈ జబ్బులో మేం పాతకాలం నుంచి చెప్పుకునేది మూడు భాగాల లెక్క. ఒక వంతు మంది దాదాపు మామూలైపోతారు, ఒక వంతు మంది నడుస్తారు కానీ బిగుసుకుపోవడం, యూరిన్ అర్జెంటుగా రావడం లాంటివి మిగులుతాయి, ఒక వంతు మందికి పెద్ద లోటే ఉండిపోతుంది. ఎక్కువ కోలుకోవడం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో, ఆ తర్వాత కూడా రెండేళ్ల దాకా కొంచెం కొంచెంగా వస్తుంది. మీ చెల్లి ఎందులో ఉంటుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు, కానీ మందు మొదలైన వారంలోనే వేలు కదిపిన మనిషిని మూడో గుంపులో వెయ్యబుద్ధి కాదు నాకు.

ఇంక అసలు సంగతి. ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అనేది ఇంటిపేరు లాంటిది తమ్ముడూ. అసలు పేరు ఇంకా ఉంటుంది. జ్వరం తర్వాత ఒక్కసారి వచ్చి పోయే రకమా, ఎమ్మెస్సా (మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడు వెన్నుపాముల్లో నరాల తొడుగు దెబ్బతినేది), ఎన్ఎంఓనా (కళ్ల నరాన్నీ వెన్నుపామునీ పట్టేది), మాగ్ యాంటీబాడీ రకమా (నరాల తొడుగులోని మాగ్ అనే ప్రొటీన్ మీద పడేది), ఒళ్లంతా పట్టే లూపస్ లాంటిదా, దాన్ని బట్టే మళ్లీ వస్తుందా, జీవితాంతం మందు వాడాలా అన్నది తేలుతుంది. డిశ్చార్జ్ సమ్మరీలో ఇంటిపేరు మాత్రమే రాసి ఉంటే ఊరుకోకండి. రక్తంలో ఆక్వాపోరిన్-4 (ఎన్ఎంఓని పట్టించేది), మాగ్ యాంటీబాడీ టెస్టులు, మెదడు ఎమ్మారై, కళ్ల పరీక్ష చేశారా అని అడగండి. సంబంధాల సంగతి అప్పుడు చూద్దురు. ఈ జబ్బు వచ్చినవాళ్లు పెళ్లి చేసుకోకూడదనీ పిల్లల్ని కనకూడదనీ ఎక్కడా లేదు, కాకపోతే కొన్ని మందులు వాడేటప్పుడు గర్భం ప్లాన్ చేసుకోవాలి, ఇంకోటి, దాచి చెయ్యకండి.

ప్ర: మా అమ్మకి 41. పోయిన ఏడాది పది రోజులు ఆగకుండా ఎక్కిళ్లు, వాంతులు. ఎండోస్కోపీ రెండుసార్లు చేశారు, ఏం లేదన్నారు, అవే తగ్గిపోయాయి. ఈ ఏడాది రెండు చేతులూ కాళ్లూ పడిపోయాయి, ఆక్వాపోరిన్ పాజిటివ్, ఎన్ఎంఓ అన్నారు. ఎమ్మెస్ ఇదీ ఒకటేనా? యూట్యూబ్‌లో ఎమ్మెస్ ఇంజెక్షన్ల గురించి చూసి మావయ్య అవి తెప్పిద్దాం అంటున్నాడు. – ఒక కూతురు, తాడేపల్లిగూడెం

జ: వద్దమ్మా, మావయ్య గారిని ఆపు. ఇది ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన జవాబు అనుకో.

రెండూ అక్కచెల్లెళ్లలా కనపడతాయి కానీ వేరు వేరు ఇళ్ల పిల్లలు. 1894లో డెవిక్ అనే ఫ్రెంచ్ డాక్టరు కళ్ల నరం, వెన్నుపాము రెండూ దెబ్బతిన్న కేసుల్ని వర్ణించాడు, ఆ తర్వాత వందేళ్లకి పైగా చాలామంది దీన్ని ఎమ్మెస్‌లో ఒక రకం అనే అనుకున్నారు. 2004లో అమెరికాలో మేయో క్లినిక్‌కి చెందిన వాండా లెనన్ బృందం రక్తంలో ప్రత్యేకమైన యాంటీబాడీ పట్టుకుంది, అది పడుతున్నది ఆక్వాపోరిన్-4 మీద అని మరుసటి ఏడాది తేలింది. మెదడులో వెన్నుపాములో నీళ్లు అటూ ఇటూ పోయే గేటు అది. ఎమ్మారైలో వెన్నుపాము మీద కనపడే మచ్చ ఎమ్మెస్‌లో మామూలుగా పొట్టిగా ఉంటుంది, ఎన్ఎంఓలో మూడు పూసలు, అంతకన్నా పొడుగ్గా ఉంటుంది. ఇది ఆడవాళ్లకే చాలా ఎక్కువ.

ఆ ఎక్కిళ్లు కడుపువి కావు. మెదడు కింది భాగంలో వాంతుల కేంద్రం ఒకటి ఉంది, ఈ జబ్బుకి అదంటే ఇష్టం. ఎక్కిళ్లొస్తే ఎవరో తలుచుకుంటున్నారులే అని మంచినీళ్లు తాగిస్తాం, రోజుల తరబడి ఆగకపోతే మాత్రం, కడుపులో ఏం దొరక్కపోతే మాత్రం, తలుచుకోవాల్సింది న్యూరో డాక్టర్ని.

ఎమ్మెస్‌కి వాడే మందుల్లో ఇంటర్ఫెరాన్ బీటా, ఫింగోలిమాడ్, నటాలిజుమాబ్ లాంటివి ఎన్ఎంఓలో జబ్బుని పెంచుతాయి. అందుకే పేరు కావాలి అని పైన కావలి తమ్ముడికి అంత గట్టిగా చెప్పింది. అమ్మకి వాడేవి వేరే, అజాథయోప్రిన్, మైకోఫినోలేట్, లేదా ఆరు నెలలకోసారి రిటుక్సిమాబ్. రిటుక్సిమాబ్ మన దేశంలోనే తయారవుతోంది కాబట్టి కొంతలో కొంత అందుబాటులో ఉంది, మొదలుపెట్టే ముందు హెపటైటిస్-బి, టీబీ టెస్టులు చేయించాల్సిందే. 2019 నుంచి ఎక్యులిజుమాబ్, ఇనెబిలిజుమాబ్, సట్రలిజుమాబ్ అని కొత్తవి వచ్చాయి, బాగా పనిచేస్తాయి, రేటు చూస్తే మాత్రం పొలం అమ్మినా చాలదు.

బాగుంది కదా అని మందు మానెయ్యనివ్వకు. ఎన్ఎంఓలో వచ్చిన ప్రతి అటాక్ కొంత తీసుకునే పోతుంది.

ప్ర: వెన్నులో నీళ్లు తీస్తే కాళ్లు శాశ్వతంగా పడిపోతాయట కదా, మావాళ్లు సంతకం పెట్టట్లేదు. – వరంగల్

జ: కాళ్లు అప్పటికే పడిపోయాయి కాబట్టే నీళ్లు తీస్తారండీ, జనం వరస తిరగేసి చెప్పుకుంటారు. వెన్నుపాము నడుము ఒకటి రెండు పూసల దగ్గరే అయిపోతుందని పైన రాశా కదా, సూది గుచ్చేది దానికి కింద, మూడు నాలుగు లేదా నాలుగు ఐదు పూసల మధ్య. ఆ చోట వెన్నుపాము ఉండదు, నీళ్లలో తేలే నరాలు సూదికి పక్కకి తప్పుకుంటాయి. ఒంట్లో ఆ నీరు మొత్తం 150 మిల్లీలీటర్ల వరకూ ఉంటే తీసేది ఓ పది, రోజుకి 500 దాకా కొత్తది ఊరుతూనే ఉంటుంది. తర్వాత కొందరికి లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది, కొద్ది రోజుల్లో పోతుంది. సంతకం పెట్టండి.

ప్ర: ఈ వెన్నుపాము వాపంతా కోవిడ్ వ్యాక్సిన్ వల్లే అని మా ఆఫీసులో ఒకతను వాదిస్తున్నాడు. – హైదరాబాద్

జ: అతను గాల్లోంచి తియ్యలేదు. 2020 సెప్టెంబర్‌లో ఆక్స్‌ఫర్డ్-ఆస్ట్రాజెనెకా ట్రయల్స్, అంటే మన దగ్గర కోవిషీల్డ్‌గా వచ్చిన వ్యాక్సిన్, బ్రిటన్లో ఒక మనిషికి ఇలాంటి లక్షణాలు రావడంతో ఆపారు, పరిశీలించి కొద్ది రోజులకి అక్కడ మళ్లీ మొదలుపెట్టారు. వ్యాక్సిన్ తర్వాత మైలైటిస్ బహు అరుదుగా రిపోర్టయింది. కోవిడ్ జ్వరం తర్వాత కూడా వచ్చింది, ఆ మాట మాత్రం అతను చెప్పడు. కోవిడ్ వ్యాక్సిన్ లేని కాలంలోనూ ఏడాదికి పది లక్షల మందిలో ఒకరి నుంచి ఎనిమిది మందికి ఇది వస్తూనే ఉందని లెక్క. "వల్లే" అన్న ఆ ఒత్తు తీసేస్తే నేనూ వాదనకి రాను.

ప్ర: మా ఆయనకి వెన్నుపాము వాపు వచ్చి ఎనిమిది నెలలు. వాకర్‌తో నడుస్తారు. మాది రెంటచింతల. ఏప్రిల్ మే నెలల్లో మధ్యాహ్నం అయ్యేసరికి కాళ్లు మళ్లీ మొద్దుబారిపోతున్నాయి, సాయంత్రం బాగుంటారు. మొన్న మా అత్తగారి కాళ్లకి దండం పెడదామని తల వంచితే వీపులో కరెంటు కొట్టింది అన్నారు. మళ్లీ అటాకా? ఇంట్లో ఏం జాగ్రత్తలు? – ఒక ఇల్లాలు

జ: రెంటచింతల ఎండ గురించి నాకు చెప్పాలా అమ్మా, మంచాన లేనివాళ్లకే కాళ్లాడవు. మీ ఆయన కాళ్లు మొద్దుబారడం ఎండ వల్లే. తొడుగు పోయిన నరం ఒంటి వేడి కాస్త పెరిగితే చాలు సిగ్నల్ సరిగ్గా పంపలేదు, చల్లబడితే మళ్లీ పంపుతుంది. ఊథాఫ్ అనే జర్మన్ డాక్టరు 1890లోనే రాసి పెట్టాడు దీన్ని. కొత్త అటాక్ కాదు. కూలర్ ముందు కూర్చోబెట్టి, తడి తువ్వాలు మెడ మీద వెయ్యండి, ఫిజియో పొద్దున్నే ఎండెక్కకముందే చేయించండి. జ్వరంలోనూ యూరిన్ ఇన్ఫెక్షన్లోనూ ఇలాగే అవుతుంది. చల్లబడ్డాక కూడా 24 గంటలు దాటి అలాగే ఉంటే మాత్రం వెంటనే చూపించండి. దండం దగ్గర కొట్టిన కరెంటు కూడా తెలిసిన లక్షణమే, మెడ వంచినప్పుడు మెడలోని పాత మచ్చ సాగి అలా అనిపిస్తుంది. అది ఇంతకు ముందు లేదంటున్నారు కాబట్టి ఈసారి చెకప్‌లో తప్పకుండా చెప్పండి, అప్పటిదాకా నిలబడే దండం పెట్టమనండి, అత్తగారు ఏమనుకోరు.

ఇంట్లో జాగ్రత్తల్లో మొదటిది కాపడం మానెయ్యడం. కాళ్లు మొద్దుబారాయని ఇసక మూటో, హాట్ వాటర్ బ్యాగో పెడతారు, ఆయనకి వేడి తెలియదు, చర్మం బొబ్బలెక్కే దాకా ఎవరికీ తెలియదు. పిర్ర మీదా మడమ మీదా కాలిన పుండ్లతో వచ్చినవాళ్లని చూశాను, జబ్బు కన్నా ఆ పుండు ఎక్కువ నెలలు పడుకోబెట్టింది. మంచం మీద ఉండేవాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, మీ ఆయన నడుస్తారు కాబట్టి ఎక్కువసేపు ఒకేచోట కూర్చోకుండా చూడండి, రాత్రి పడుకునే ముందు ఫోన్ టార్చి వేసి మడమలు, నడుము కింద చూడండి, ఎర్రగా ఉండి నొక్కితే తెల్లబడకపోతే అది పుండుకి మొదలు.

యూరిన్ పూర్తిగా రావట్లేదంటే ఎప్పుడూ పైపు ఉంచుకోవడం కన్నా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్న క్యాథెటర్‌తో తీసి పారేసుకోవడం మేలు, ఒక్కోసారి 400, 500 మిల్లీలీటర్లు మించకుండా. నర్సు దగ్గర రెండు రోజులు నేర్చుకుంటే మీరే చెయ్యొచ్చు, సిగ్గు మూడో రోజుకి పోతుంది. కాళ్లు కర్రల్లా బిగుసుకుంటే ఇచ్చే బాక్లోఫెన్ ఉన్నట్టుండి ఆపకూడదు, ఫిట్స్ రావొచ్చు. ఇంకొకటి, దెబ్బ ఛాతీ 6వ నరం దగ్గరో దానికి పైనో ఉన్నవాళ్లకి ఒక్కసారిగా తల పగిలిపోయే నొప్పి, ముఖమంతా చెమట, బీపీ ఎగబాకడం జరిగితే తలనొప్పి మాత్ర వెతకొద్దు. లేపి కూర్చోబెట్టండి, పైపు మడత పడిందా, మూత్రం నిండిపోయిందా, మలబద్ధకమా చూడండి, చాలాసార్లు ఆ పైపు సరిచేస్తేనే దిగిపోతుంది, దిగకపోతే అంబులెన్స్.

వైకల్యం సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకి కూడా వెళ్లండి. 2016 చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఎమ్మెస్ పేరు పెట్టి ఉంది, దీర్ఘకాలపు నరాల జబ్బులూ నడవలేకపోవడమూ ఉన్నాయి. ఎమ్మారై రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ రెండూ పట్టుకెళ్లండి.

ప్ర: మా నాన్నకి 62. రెండేళ్లుగా మెల్లమెల్లగా కాళ్లు బిగుసుకుపోతున్నాయి, చెప్పులు కాళ్లలోంచి జారిపోయినా తెలియట్లేదు. ఇది కూడా వాపేనా? స్టెరాయిడ్ వేయిద్దామా? – మునుగోడు దగ్గర పల్లె

జ: రెండేళ్లు అంటున్నారు కాబట్టి ఎవరి మాటా విని స్టెరాయిడ్ వేయించకండి. ఇంత మెల్లగా వస్తే ముందు చూడాల్సింది నొక్కుడు, మెడ పూసలు అరిగి నొక్కుతున్నాయా, వెన్ను టీబీయా అని, టీబీ అయితే ఒట్టి స్టెరాయిడ్ ఇంకా చేటు. బీ12 టెస్టు తప్పకుండా చేయించండి, చెప్పు జారినా తెలియకపోవడం అందులో బాగా చూస్తాం, ఇంజెక్షన్లతో ఆగే జబ్బు అది.

పైగా మీ ఊరు మునుగోడు పక్క. నీళ్లలోని ఫ్లోరైడ్ తెచ్చే జబ్బు సంగతి మీకు నేను చెప్పేదేముంది, 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో దీన్ని వైద్య పత్రికలకెక్కించారు, తర్వాత నల్గొండ పేరే దానికి గుర్తైపోయింది. ఏళ్ల తరబడి ఆ బోరు నీళ్లు తాగినవాళ్లకి వెన్నెముక ఎముక లావెక్కి, లిగమెంట్లు గట్టిపడి, లోపల దారి ఇరుకై వెన్నుపాము నలుగుతుంది. నాన్నగారు మెడ తిప్పమంటే ఒళ్లంతా తిప్పుతున్నారా? నేల మీద పడ్డ రూపాయి బిళ్ల నడుము వంచి తియ్యగలరా? చిన్నప్పటి నుంచీ ఏ నీళ్లు తాగారు, ఏ సంవత్సరం నుంచి మార్చారు? ఇవి కాగితం మీద రాసుకుని, మెడ నుంచి వీపు కింద దాకా ఎమ్మారై, వెన్నెముక ఎక్స్‌రే, ముంజేతి ఎక్స్‌రే తీయించుకుని నిమ్స్‌లోనో దగ్గర్లో న్యూరో డిపార్ట్‌మెంట్ ఉన్న ప్రభుత్వ పెద్దాస్పత్రిలోనో చూపించండి. ఉత్త నడుము ఒక్కటే తీస్తామంటే ఒప్పుకోకండి.